ఆకు, నాడె, కిరణం

ఒక నడిమి చోటు నుంచి అన్ని దిక్కులకూ తిన్నగా బయలుదేరి పోవడాన్ని ఇంగ్లీషులో ‘రేడియేట్’ అంటారు. దీపం నుంచి వెలుగు, కొలిమి నుంచి సెగ, కూడలి నుంచి బాటలు అలా పోతాయి. ఈ క్రియ సరిగ్గా అతకాలంటే మూడు ఉండాలి: ఒక కేంద్రం, అక్కడి నుంచి బయటికి నడక, ఆ నడకలో తిన్నదనం. నేల మీద ఒలికిన నూనె విస్తరిస్తుంది, తీగ అల్లుకుంటుంది, మంట పాకుతుంది. వీటిలో దేనికీ రేడియేట్ అనే మాట పూర్తిగా నప్పదు.

దీని మూలం లాటిన్‌లోని ‘రాడియుస్’. ఆ మాట అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చిందో భాషాశాస్త్రవేత్తలు తేల్చలేకపోయారు. రోమన్ల నోట అది మొదట ఒక పుల్ల, ఒక సన్నని కర్ర. ఆ కర్ర నుంచే మిగతా అర్థాలన్నీ పుట్టాయి. బండిచక్రంలో నడిమి కుండ నుంచి అంచుకు పోయే కర్ర రాడియుస్. ఇసుక మీద గీతలు గీయడానికి గణితజ్ఞుడు పట్టుకునే పుల్ల రాడియుస్. మోచేయి నుంచి మణికట్టు దాకా ఉండే రెండు ఎముకల్లో ఒకటి రాడియుస్. నేతగాడు పడుగు దారాల మధ్య నుంచి పేకను దాటించే సాధనం కూడా రాడియుసే. చివరికి సూర్యుడి నుంచి వెలువడే వెలుగురేకకూ అదే పేరు స్థిరపడింది.

వీటిలో మూడు అర్థాలు, అంటే చక్రపు కర్ర, నేతగాడి సాధనం, కిరణం, మంగళగిరికి బాగా తెలిసినవి. మొదటిదాన్ని తెలుగులో ఆకు అంటారు, రెండోదాన్ని నాడె అంటారు. కృష్ణకు దగ్గరలో, గుంటూరుకూ విజయవాడకూ మధ్య ఉన్న ఈ నేత ఊరు, దాని చుట్టూ ఉన్న డెల్టా, ఆ లాటిన్ మాట చరిత్రను కళ్లతో చూడదగిన చోటు. పశ్చిమాన కవులు మాటలో దాచుకున్న బొమ్మను ఇక్కడి జనం ఇటుకతో, నీటితో, ఇనుముతో నేల మీదే గీశారు.

తెలుగులో ‘ఆకు’ అన్న పలుకుకు రెండు అర్థాలున్నాయి. చెట్టుకుండేది ఒకటి, చక్రంలో ఉండేది ఒకటి. రెండూ పుట్టుకలో ఒకటేనని అనుకోనక్కర్లేదు, పలుకు మాత్రం కలిసింది. పాతకాలపు రెండెడ్ల బండి చక్రంలో నడుమ కుండ, దానిలో దిగేసిన ఆకులు, ఆకుల చివర్లు పట్టుకున్న పూటీలు, వాటి చుట్టూ కాల్చి తొడిగిన ఇనుప పట్టా ఉండేవి. చల్లారుతూ పట్టా బిగుసుకుంటే ఆకులన్నీ కుండలోకి ఒత్తుకుని చక్రం ఒక్కటయ్యేది. సంస్కృతంలో ఆకును అర అంటారు. ప్రశ్నోపనిషత్తు ప్రాణాన్ని రథచక్రపు నాభితో పోల్చి, అరలు నాభిలో నిలిచినట్టు సర్వమూ ప్రాణంలో నిలిచి ఉందని చెబుతుంది. ఇక్కడ చూపు అంచు నుంచి నాభి వైపు, లోపలికి సాగుతుంది. లాటిన్‌లో చూపు నాభి నుంచి అంచు వైపు పోయింది. ఒకే చక్రాన్ని ఒక భాష కూడికగానూ ఇంకొకటి వెలువడటంగానూ చూసింది.

వెలుగుకు సంస్కృతం పెట్టిన పేర్లలోనూ రథం ఉంది, అయితే చక్రం లేదు. రశ్మి అంటే కిరణం, గుర్రానికి కట్టే పగ్గం కూడా. అమరకోశం ఈ రెండు అర్థాలనూ చెప్పింది. లాటిన్ వాడికి వెలుగురేక చక్రపు కర్రలా కనిపించింది, సంస్కృతం వాడికి చేతిలో లాగి పట్టిన తాడులా కనిపించింది. కిరణం అన్న మాట దారి మరొకటి. దాని ధాతువుకు చిమ్మడం, చల్లడం అని అర్థం. భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో రేడియేషన్‌కు పెట్టిన ‘వికిరణం’ ఆ ధాతువు నుంచే వచ్చింది. కాబట్టి వికిరణంలో ధాన్యం చిమ్మిన బొమ్మ ఉంది, చక్రపు బొమ్మ లేదు. రెండూ ఒకే భావానికి పనికొస్తున్నా లోపలి చిత్రాలు వేరు.

ఫాల్గుణ పౌర్ణమి నాడు మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం జరుగుతుంది. ముందు రోజు రాత్రి కల్యాణం, మర్నాడు రథం. చాలా గుడి రథాలకు ఆకుల చక్రాలుండవు, దిట్టమైన కలప పలకలు కూర్చి చేసిన నిండు చక్రాలుంటాయి. అంత బరువుకు ఆకులు ఆగవు. అందుకే రథం తిరుగుతుంటే కంటికి చక్రం కంటే మోకులే ఎక్కువ కనిపిస్తాయి. రథం ముందు రెండు వరుసల్లో జనం పట్టుకుని లాగే ఆ పగ్గాల్లో రశ్మి అన్న మాట పాత అర్థం కళ్లకు కడుతుంది.

ఆకుల చక్రాన్ని ఇటుకలో చూడాలంటే మంగళగిరి నుంచి నది వెంట కిందికో పైకో పోవాలి. కింద ఘంటసాల, పైన నాగార్జునకొండ. రెండు చోట్లా బౌద్ధ స్తూపాల పునాదులు చక్రంలా కట్టారు. నడుమ ఒక కుండ, దాని నుంచి బయటి గుండ్రని గోడకు ఇటుక గోడలు ఆకుల్లా సాగుతాయి, మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఘంటసాలలో 19వ శతాబ్దం చివర అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ఈ తీరు బయటపడింది. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలం నాటి స్తూపాలు చాలావాటికి ఇదే పునాది. ఆకుల సంఖ్య స్తూపానికీ స్తూపానికీ మారుతుంది. పూర్తిగా ఇటుకతో కట్టడం కంటే ఇది చవక. బరువు గోడల మీదుగా అన్ని వైపులకూ పంచుకుంటుంది. బుద్ధుడి ధర్మానికి చక్రం గుర్తు కాబట్టి, బయటికి కనిపించని ఆ పునాదిలో భక్తి కూడా ఉందని చాలామంది చరిత్రకారులు భావించారు. పొదుపు, భక్తి రెండూ ఒకే గీతలో కుదరడం కట్టడం పని తెలిసినవారికి వింత కాదు. మంగళగిరికి దగ్గరలోనే ఉన్న అమరావతి మహాచైత్యం శిల్పాల్లోనైతే ఆ ధర్మచక్రం స్తంభాల మీద బాహాటంగానే నిలబడి ఉంటుంది.

ఆ స్తూపాల కాలం నాటికే ఈ తీరానికీ లాటిన్ మాట్లాడేవారి లోకానికీ బట్ట వల్ల సంబంధం ఉంది. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథం తూర్పుతీరంలో మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలుబట్ట చాలా తయారవుతుందని చెబుతుంది. మసాలియా అంటే నేటి మచిలీపట్నం తీరప్రాంతమని పండితుల అభిప్రాయం. మంగళగిరి మగ్గాలకు ఆ వ్యాపారంతో నేరుగా ముడిపెట్టే ఆధారమేదీ లేదు. డెల్టా నేత పాతదనీ, దాని బట్ట దూరదేశాలకు పోయేదనీ చెప్పడానికి మాత్రం ఈ సాక్ష్యం చాలు.

అదే 1వ శతాబ్దపు తొలి ఏళ్లలో రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫోసెస్’ కావ్యం రాశాడు. అందులో 6వ భాగంలో అరాక్ని అనే నేతగత్తె కథ ఉంది. నేతలో మినర్వా దేవతతోనే పందెం కాసి, తప్పుపట్టడానికి వీల్లేని బట్ట నేస్తుంది. దేవత కోపంతో ఆమె నుదుటి మీద చేతిలో ఉన్న రాడియుస్‌తో, అంటే నాడెతో, కొడుతుంది. ఆపైన అరాక్ని పురుగుగా మారిపోయి ఈనాటికీ గూడు నేస్తూ ఉంటుంది. ఆ పురుగును తెలుగువారు సాలీడు అంటారు. సాలె అంటే నేత కులం, సాలీడు అంటే నేతగాడు. లాటిన్ కవి కథగా చెప్పిన పోలికను తెలుగు ఒక్క మాటలో పెట్టేసింది. సాలీడు గూడు కట్టే తీరు గమనిస్తే ముందు నడిమి నుంచి అంచులకు తిన్నని దారాలు వేస్తుంది, ఆ తర్వాతే వాటి మీదుగా సుడి తిరుగుతూ అడ్డదారం అల్లుతుంది. మగ్గం మీద ముందు పడుగు, తర్వాత పేక. సాలెగూటిలో పడుగు చక్రపు ఆకుల్లా ఉంటుంది, అంతే తేడా.

మంగళగిరిలో నేత ప్రధానంగా గుంట మగ్గం మీద సాగింది. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. గుంటలోని చల్లదనం వల్ల నూలుకు తడి తగిలి దారం తెగడం తగ్గుతుందని నేతపని వారు చెబుతారు. పడుగు దారాలు పైకీ కిందికీ విడిపోయినప్పుడు, ఆ సందులోంచి కండె పెట్టిన నాడె ఒక కొస నుంచి ఇంకో కొసకు జారుతుంది. పాత పద్ధతిలో నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో అందుకోవాలి. ఇంగ్లండులో 1733లో జాన్ కే కనిపెట్టిన ఎగిరే నాడె వల్ల తాడు లాగితే చాలు, నాడె దానంతట అదే దూకుతుంది. చెయ్యి రెండు వైపులకూ చాచనవసరం లేకపోవడంతో వెడల్పాటి బట్ట ఒక్కరే నేయడం సాధ్యమైంది. మద్రాసు రాష్ట్రంలో 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో చేతిమగ్గాలకు ఇది విరివిగా చేరింది.

నాడె నడక రేడియేట్ అనే క్రియకు పూర్తిగా ఎదురు. అది బయటికి పోదు, పోయి తిరిగి వస్తుంది. ఇంగ్లీషులో నాడెను షటిల్ అంటారు. అటూ ఇటూ తిరిగే బండికీ, బ్యాడ్మింటన్ పూబంతికీ ఆ పేరు అందుకే వచ్చింది. ఒకే లాటిన్ కర్ర ఒకచోట వెలువడటానికీ ఇంకోచోట వచ్చిపోవడానికీ గుర్తయింది. ఇంగ్లీషు అందులో మొదటి అర్థాన్నే తీసుకుంది, నేత అర్థాన్ని వదిలేసింది. నేత ఊళ్లో కూర్చుని ఆ మాట చరిత్ర చదివితే ఇది కొంత లోటుగానే తోస్తుంది.

ఇంగ్లీషులోకి ఈ కుటుంబం విడతలుగా వచ్చింది. ‘రే’, అంటే కిరణం, 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా చేరింది. ‘రేడియేషన్’ 15వ శతాబ్దంలోనూ, ‘రేడియేట్’ అనే క్రియ 17వ శతాబ్దం తొలినాళ్లలోనూ కనిపిస్తాయి. వృత్తపు నడిమి నుంచి అంచుకు గీసే గీతకు రేడియస్ అనే పేరు కూడా దాదాపు అప్పుడే కుదిరింది. తెలుగు గణితంలో దాన్ని వ్యాసార్ధం అంటారు. ఇది కొలతను బట్టి పెట్టిన పేరు, వ్యాసంలో సగం అని. చేతి ఎముకకు తెలుగు జీవశాస్త్రం రత్ని అని పేరు పెట్టుకుంది, దాని జంట అరత్ని. ఇంగ్లీషులో ఒక్క కుదురు నుంచి వచ్చిన వ్యాసార్ధం, రత్ని, వికిరణం తెలుగులో చుట్టరికం లేని మూడు మాటలయ్యాయి.

1852లో మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అదే ఏడు బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది. రేడియేట్ అనే మాటకు డెల్టాలో ఇంతకన్నా పెద్ద నిదర్శనం లేదు. దాని వెనక 1832-33 నాటి కరువు ఉంది. గుంటూరు సీమలో జనం డొక్కలు ఎండి రాలిపోయిన ఆ ఏడాదిని డొక్కల కరువు అని పిలిచారు, నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అన్నారు. చనిపోయినవారు లక్షకు పైమాటే. నది నిండుగా సముద్రంలోకి పోతుండగా దాని ఒడ్డునే జనం తిండిలేక చావడం ఆనాటి ఇంజనీర్లలో కొందరిని నిద్రపోనివ్వలేదు. గోదావరి మీద ధవళేశ్వరం పని చేస్తున్న ఆర్థర్ కాటన్ కృష్ణకూ ఆనకట్ట కావాలని గట్టిగా వాదించాడు. కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆ పని నడిపించి 1855 నాటికి పూర్తిచేశాడు. ఇంజనీర్లు దాన్ని ‘అనికట్’ అన్నారు. అది దక్షిణాది భాషల నుంచి ఇంగ్లీషు తీసుకున్న మాట, ఆనకట్టకు దగ్గరి చుట్టం. మాటల ప్రయాణం ఒకే వైపు సాగలేదన్న మాట.

ఆనకట్టకు ఎంచుకున్న చోటులోనే కిటుకు ఉంది. ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ, ఈ రెంటి నడుమ కృష్ణ కిలోమీటరుకు కాస్త పైగా ఉండే వెడల్పుకు ఇరుకవుతుంది. అక్కడి నుంచి కిందికి భూమి విసనకర్రలా విచ్చుకుని సముద్రం దాకా పోతుంది. డెల్టా నేల అంతా నది తెచ్చి పోసిన ఒండ్రే. వరద వచ్చినప్పుడల్లా బరువైన మట్టి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది, తేలికది దూరం పోతుంది. అందువల్ల నదీ పాయల ఒడ్లు ఎత్తుగా, మధ్య నేల పల్లంగా ఉంటుంది. తల దగ్గర నీళ్లు ఎత్తి పట్టి, కాలువలను ఎత్తైన గట్ల వెంట నడిపిస్తే రెండు వైపుల పొలాలకూ నీరు దానంతట అదే దిగుతుంది. మురుగు పల్లాల్లోంచి వెళ్లిపోతుంది. కాలువలు చక్రపు ఆకుల్లా ఒకే చోటు నుంచి విచ్చుకోవడానికి ఇదే కారణం. నేల వాలు గీసి ఉంచిన బొమ్మనే ఇంజనీర్లు చదివారు.

తూర్పు వైపు తూము నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరాయి. పడమటి తూము సీతానగరం దగ్గర, మంగళగిరి వైపు ఒడ్డున ఉంది. అక్కడి నుంచి ప్రధాన కాలువ రేవేంద్రపాడు, పెదవడ్లపూడి మీదుగా దుగ్గిరాల చేరి చీలుతుంది. నిజాంపట్నం వైపు ఒకటి, కొమ్మమూరు కాలువ ఒకటి, బ్యాంకు కాలువలు వేరే. ఇక్కడ మాటల్లో ఒక సున్నితమైన తేడా పాటించాలి. తల తూముల దగ్గర కాలువలు వెలువడ్డాయి, అది రేడియేట్. దుగ్గిరాల దగ్గర కాలువ కొమ్మలు వేసింది. ఇంగ్లీషులో దానికి ‘రామిఫై’ అని వేరే క్రియ ఉంది, లాటిన్‌లో రాముస్ అంటే కొమ్మ. కేంద్రం నుంచి పోవడం ఒకటి, పోతూ పోతూ చీలడం మరొకటి. కృష్ణ తానే పులిగడ్డ దగ్గర పాయలుగా విడిపోయి దివిసీమను చుట్టుకునేది ఈ రెండో పద్ధతిలోనే.

మంగళగిరి పట్టణం ప్రధాన కాలువకు పడమట, డెల్టా పల్లానికీ మెట్టకూ మధ్య అంచున ఉంది. ఒకవైపు వరి మాగాణి, ఇంకోవైపు కొండ, మెట్ట చేలు. కొమ్మమూరు కాలువ దక్షిణాన పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువతో కలవడంతో, రైళ్లు రాకముందు బెజవాడ నుంచి మద్రాసు దాకా పడవ ప్రయాణం వీలైంది. నీరు పంచడానికి తవ్విన ఆకులే సరుకు మోసే బాటలు కూడా అయ్యాయి.

పాత ఆనకట్ట వందేళ్లు పనిచేసింది. దాని స్థానంలో గేట్లున్న కొత్త బ్యారేజీ 1957లో పూర్తయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పేరు దానికి పెట్టారు. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరు ఈ ఒక్క చోటు నుంచే విచ్చుకుంటుంది.

రైలు కూడా అదే కుండ చుట్టూ ఆకులు దిగేసింది. నిజాం రాజ్యపు రైలుమార్గం 1889లో బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద వంతెన తెరిచారు, 1899లో మద్రాసు దారి కలిసింది. మచిలీపట్నం, గుంటూరు, కలకత్తా వైపు దారులూ కుదిరాక బెజవాడ దక్షిణాదిలో పెద్ద కూడళ్లలో ఒకటైంది. గుంటూరు వైపు పోయే ఆకు మీద మంగళగిరి ఒక స్టేషను. జంక్షన్ అనే మాట తెలుగులో కలిసిపోయినంతగా రేడియేట్ కలవలేదు. జనానికి కూడలి కావలసి వచ్చింది, కూడలి నుంచి విడిపోవడాన్ని మాటలో పెట్టే అవసరం రాలేదు.

గుడి ఊళ్ల కట్టడి మాత్రం ఈ బొమ్మకు లొంగదు. గుడి చుట్టూ మాడవీధులు చతురస్రాలుగా తిరుగుతాయి, నడక ప్రదక్షిణంగా సాగుతుంది. కేంద్రం నుంచి దూరం పోకుండా దాని చుట్టూ తిరగడమే అక్కడి పద్ధతి. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య మంగళగిరి దిగువ గుడికి కట్టించిన గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. అది డెల్టా పొలాల నుంచి చాలా దూరం కనిపిస్తుంది. గోపురం కదలకుండానే చూపులను నలుదిక్కుల నుంచి తన వైపు లాక్కుంటుంది. ఇది ప్రశ్నోపనిషత్తు చెప్పిన చక్రం.

ఇటీవలి పెరుగుదల ఈ రెంటికీ భిన్నం. జాతీయ రహదారి వెంట విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు ఒకదాని వైపు ఒకటి సాగిపోయాయి. 2021లో మంగళగిరి, తాడేపల్లి, చుట్టుపక్కల ఊళ్లు కలిపి ఒకే నగరపాలక సంస్థ చేశారు. ఇలాంటి పెరుగుదలకు ఇంగ్లీషు వాడే ‘స్ప్రాల్’ అనే మాటకు పాత అర్థం కాళ్లూ చేతులూ బారజాపుకుని పడటం. రోడ్డు పొడవునా కాళ్లు చాపుకున్న ఊరికి ఆ మాటే సరైనది, రేడియేట్ కాదు.

విజయవాడ వేసవిని ఇంగ్లీషు తెలిసినవారు బ్లేజ్‌వాడ అని పిలుస్తారు. ఈ వేడిలో రేడియేషన్ పాలు పెద్దది. పగలంతా ఎండను తాగిన రాతి కొండలు పొద్దుగూకాక ఆ వేడిని తిరిగి వెదజల్లుతాయి. గాలి కదలకపోయినా, చెయ్యి తగలకపోయినా కొండ వాలున నిలబడినవారికి ఒంటికి సెగ తెలుస్తుంది. మధ్యన వస్తువు లేకుండా వేడి నేరుగా చేరడమే శాస్త్రపరంగా వికిరణం. తెలుగులో దీనికి తగిన మాట సెగ. కొలిమి సెగ, పొయ్యి సెగ, కొండ సెగ, ఇవన్నీ తాకకుండా తాకే వేడికి పేర్లు. మంట వేరు, సెగ వేరు అని తెలుగు ఎప్పుడో విడదీసుకుంది.

1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ కొత్త మూలకానికి లాటిన్ కిరణం పేరు మీదుగా రేడియం అని పేరు పెట్టారు. రేడియోధార్మికత అనే తెలుగు మాట ఆ కుదురు నుంచే వచ్చింది. రేడియో అనేది తీగలేని తంతికి ముందు తగిలించిన ముక్క, తర్వాత తానే పేరైంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక ఆ మాట డెల్టా పల్లెల్లో ఇంటిపేరంత దగ్గరైంది. రేడియో చేసే పనిని ఇంగ్లీషులో బ్రాడ్‌కాస్ట్ అంటారు. అది పొలంలో విత్తనం చేత్తో విరజిమ్మడానికి వాడే పాత సేద్యపు మాట. తెలుగులో ‘వెదజల్లు’ అచ్చంగా అదే. వెద అంటే విత్తడం, దాని పక్కన చల్లు. పాటలు పంపడానికి ఆ మాట తీసుకోకుండా ప్రసారం అనే సంస్కృత పదం ఎంచుకోవడం కొంత నష్టమే. ప్రసారంలో ప్రవాహం ఉంది, వెదజల్లడంలో చెయ్యి ఉంది.

ఈ కుటుంబంలో ఒక మాట తిరిగి మగ్గం దగ్గరికే వచ్చింది. 1924లో అమెరికాలో వస్త్ర వర్తకులు కృత్రిమ పట్టుకు రేయాన్ అని పేరు పెట్టారు. మెరుపును బట్టి కిరణాన్ని తలపించేలా పెట్టిన పేరు అది. ఫ్రెంచిలో రేయాన్ అంటే కిరణమే. లాటిన్‌లో నాడె అన్న మాట, చివరికి నాడెలోని కండెకు చుట్టే దారానికి పేరైంది. మంగళగిరి చీరలో మెరిసేది మాత్రం జరీ. ఒళ్లంతా సాదాగా, బుటాలు లేకుండా, అంచున సన్నని జరీ నిజాం డిజైనుతో ఉండటం దీని గుర్తు. 2012-13లో మంగళగిరి చీరలు, వస్త్రాలు భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ చట్టం పనిచేసే తీరు కూడా చక్రంలాంటిదే. బట్ట ఎంత దూరమైనా పోవచ్చు, పేరు మాత్రం నేసిన చోటును వదిలి పోరాదు.

నేటి ఇంగ్లీషులో రేడియేట్ ఎక్కువగా వినిపించేది మూడు చోట్ల. శాస్త్రంలో వెలుగు, వేడి, తరంగాలు. వైద్యంలో ఒక చోట మొదలై ఇంకో అవయవానికి పోయే నొప్పి. మాట్లాడేటప్పుడు ముఖంలో కనిపించే ఆనందం, ధైర్యం. తెలుగులో ఈ మూడింటికీ ఒకే క్రియ వాడితే కృతకమవుతుంది. ఛాతీలో నొప్పి ఎడమ చేతికి ‘పాకుతుంది’ లేదా ‘లాగుతుంది’. ముఖం ‘వెలిగిపోతుంది’, కళ ‘ఉట్టిపడుతుంది’. మల్లెల వాసన ‘గుబాళిస్తుంది’. పుకారు ‘పొక్కుతుంది’, రోగం ‘ప్రబలుతుంది’. విస్తరించడం అనే మాటకు పరచడమనే అర్థం మూలం, అన్నం వడ్డించే విస్తరిలో అది ఇంకా తాజాగా ఉంది. అనువాదాల్లో మనిషి ఆనందాన్ని ‘ప్రసరింపజేశాడు’ అని కనిపిస్తే ఇంగ్లీషు వాక్యం కింద దాగి ఉందని పోల్చుకోవచ్చు. తెలుగు మాటలు ఏది వ్యాపిస్తోందో చూసి మారతాయి, ఇంగ్లీషు మాట ఎలా వ్యాపిస్తోందో చూసి కుదురుతుంది.

ఆకు అనే మాటకు చక్రపు అర్థం ఇప్పుడు వాడుకలో బాగా తగ్గింది. రబ్బరు టైర్ల బండ్లు వచ్చాక కర్ర చక్రాలు పోయాయి, వాటితోపాటు కుండ, పూటీ కూడా. సైకిలుకుండేవాటిని చువ్వలు, పుల్లలు, స్పోకులు అంటారు. ఈ పాత అర్థం గట్టిగా నిలబడిన చోటు ఒకటుంది. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశం వేళ గాంధీకి జెండా నమూనా ఇచ్చాడు. అదే సమావేశంలో దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించారు. జెండా నడుమ అప్పట్లో ఉన్నది రాట్నం. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో దాని చోట అశోకుడి ధర్మచక్రం వచ్చింది. తెలుగు బడి పిల్లలు ఇప్పటికీ దానికి 24 ఆకులని చదువుతారు.